పాత ప్రోగ్రామును పారేసే ముందు దాన్ని చదివిందెవరు?

సంపాదకులకు నమస్కారం.

"పాత సాఫ్ట్‌వేర్‌ను పక్కనబెట్టి అంతా కొత్తగా రాయిస్తున్నాం" అన్న ప్రకటన ఏదో ఒక సంస్థ నుంచి తరచూ వస్తూనే ఉంటుంది. చదివేవారికి అది విరిగిన కుర్చీ తీసేసి కొత్త కుర్చీ వేసినంత తేలికైన సంగతిగానూ, మెచ్చుకోదగ్గ సంగతిగానూ కనిపిస్తుంది. ఇతరులు రాసి వెళ్లిపోయిన ప్రోగ్రాములను ఇరవై ఏళ్లకు పైగా నడుపుతూ, మరమ్మతు చేస్తూ, అలాంటి కొత్త రాత పనుల్లో ఒకసారి దెబ్బతిని, ఒకసారి గట్టెక్కిన ఉద్యోగిగా, ఆ నిర్ణయం సాధారణంగా ఏ ఆధారం మీద జరుగుతుందో, ఏ ఆధారం మీద జరగాలో మీ పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. "దీన్ని బాగుచేయడం మా వల్ల కాదు, మొదటి నుంచి రాద్దాం" అనే మాట పైఅధికారుల దగ్గర పుట్టదు, మాలాంటి ప్రోగ్రామర్ల నోటే పుడుతుంది. కొత్తగా చేరినవాడు ఫైలు తెరుస్తాడు. తొమ్మిది వందల పంక్తుల ఫంక్షన్ ఒకటి, అందులో షరతు కింద షరతు, దాని కింద ఇంకో షరతు, దేనికి పెట్టారో తెలియని ఫ్లాగులు (ఏ భాగం నడవాలో చెప్పే గుర్తులు), పదేళ్ల కిందట ఎవరో "తాత్కాలికం" అని రాసి వదిలేసిన ప్యాచ్ కనిపిస్తాయి. మధ్యాహ్నానికి తల తిరుగుతుంది, సాయంత్రానికి తీర్పు సిద్ధమవుతుంది. నేనూ అలాంటి తీర్పులు చాలానే ఇచ్చాను. ఇప్పుడు తలచుకుంటే, వాటిలో చాలావరకు ఆ ప్రోగ్రాము నాణ్యత కంటే నా ఓపిక ఎంతటిదో ఎక్కువగా చెబుతాయి.

కోడ్‌లోని వికారం రెండు రకాలు. రాసినవారి బద్ధకం వల్ల వచ్చింది ఒకటి; దాన్ని నిర్భయంగా తీసేయవచ్చు. లోకంలోని వంకరలు కోడ్‌లోకి దిగడం వల్ల వచ్చింది రెండోది. ఒక నిబంధన నడి ఏడాదిలో మారి ఉంటుంది, మారకముందు చేరినవారికి పాతదే వర్తించాలని తర్వాత తేల్చి ఉంటారు, బయటి నుంచి వచ్చే ఒక ఫైలులో నెల ముందు, రోజు వెనక ఉంటుంది. వీటిలో ప్రతిదానికీ ఒక షరతు చేరుతుంది. పైపైన చూసేవారికి ఈ రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే ఉంది.

నేను దెబ్బతిన్న సందర్భాన్నే చెబుతాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. నెలనెలా వేలాది మందికి పింఛను లెక్కగట్టే ప్రోగ్రాము అది, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. అందులో ఒకచోట, పుట్టిన తేదీ 1900 జనవరి 1 అయితే వయసు పరిశీలన జరపకుండా ముందుకు వెళ్లమని రెండు పంక్తులున్నాయి. వాటి పైన "ముట్టుకోవద్దు" అన్న ఒక్క మాట, పక్కన ఎవరివో రెండు పొడి అక్షరాలు ఉన్నాయి. కొత్త ప్రోగ్రాముకు నియమాలు రాసుకుంటున్న మేం ఐదుగురం ఆ చోట ఆగి నవ్వుకున్నాం. ఆ తేదీన పుట్టినవారు ఇప్పుడెవరున్నారు, ఇది ఎప్పుడో చచ్చిన కోడ్ అనుకుని వదిలేశాం. పరీక్షల కోసం మేమే తయారుచేసుకున్న డేటాలో తేదీలన్నీ పద్ధతిగా ఉన్నాయి కాబట్టి టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి.

కొత్త ప్రోగ్రాము మొదటి నెల చెల్లింపులు జరిపిన మర్నాడే ఫిర్యాదులు మొదలయ్యాయి. వందేళ్లు దాటినవారి విషయంలో బతికే ఉన్నారన్న ధ్రువీకరణ అందేదాకా చెల్లింపు నిలపాలన్నది నిబంధన. దాని ప్రకారం కొత్త ప్రోగ్రాము వందలాది మందికి పింఛను నిలిపేసింది. వారిలో చాలామందికి డెబ్బై ఏళ్లయినా నిండలేదు. కారణం కోసం రెండు రోజులు వెతికాం. చివరికి రికార్డుల విభాగంలో అందరికంటే సీనియర్ ఉద్యోగిని ఒకావిడ మా తెర మీదికి తొంగిచూసి, "అది తెలియని తేదీ కదండీ, మీకెవరూ చెప్పలేదా?" అన్నారు. కాగితపు దస్త్రాలను మొట్టమొదట కంప్యూటర్‌లోకి ఎక్కించిన రోజుల్లో తేదీ గడిని ఖాళీగా వదిలితే రికార్డు సేవ్ అయ్యేది కాదట. అందుకని పుట్టిన తేదీ తెలియనివారికి 1900 జనవరి 1 అని కొట్టమని ఎవరో నోటిమాటగా చెప్పారు. దానికి సర్క్యులర్ లేదు, మాన్యువల్‌లో ప్రస్తావన లేదు. ఆ సంస్థ మొత్తంలో ఆ నియమం రాతపూర్వకంగా ఉన్న చోటు ఒక్కటే, మేం నవ్వుకుని వదిలేసిన ఆ రెండు పంక్తులు. వాటిని తర్వాత నేనే కొత్త ప్రోగ్రాములో చేర్చాను, పైన నాలుగు వాక్యాల వివరణ రాసి మరీ.

ఏళ్ల తరబడి నడిచిన ప్రోగ్రాము ఒక సంస్థకు యంత్రం ఎంతో దస్తావేజు కూడా అంతే. ఎవరెవరికి ఏ మినహాయింపు ఉందో, ఏ తప్పు ఒకప్పుడు జరిగి ఎలా సర్దుకున్నారో అందులో తప్ప మరెక్కడా ఉండదు. కొత్తది రాయించే ఒప్పందాల్లో మాత్రం "పాత వ్యవస్థ చేసే పనులన్నీ కొత్త వ్యవస్థ చేయాలి" అని ఒకే ఒక వాక్యం ఉంటుంది. ఆ పనులేమిటో చెప్పగలిగిన మనిషి సంస్థలో లేనప్పుడు ఆ వాక్యం మీద రెండు పక్షాలవారూ ఏ ధైర్యంతో సంతకం చేస్తారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పాత ప్రోగ్రాము ఏం చేస్తోందో పూర్తిగా చెప్పలేనివారు దాన్ని పూర్తిగా తిరిగి రాయలేరు. చెప్పగలిగే స్థితికి వచ్చినవారికి, నేను చూసినంతలో, అంతా ఒకేసారి తిరిగి రాయాల్సిన అవసరమే తగ్గిపోతుంది, ఎందుకంటే చెడిన భాగం ఏదో అప్పటికి వారికి తెలిసిపోయి ఉంటుంది.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఈ పనిలో ఇల్లు కట్టడమే కాదు, పాత ఇంట్లో కాపురం ఆగకుండా కట్టాలి. మొదటి ఆరు నెలల్లో తెరలన్నీ తయారవుతాయి, చూసినవారు పని ముగింపుకొచ్చిందనే అనుకుంటారు. తెరల వెనక ఉండే మినహాయింపులు ఒక్కొక్కటే బయటపడేది ఆ తర్వాతే. ఈలోగా నిబంధనలు మారక మానవు, వాటి కోసం పాతదాన్నీ మార్చాలి. అంటే కొత్తది అందుకోవలసిన గమ్యం కూడా కదులుతూనే ఉంటుంది. మార్పులు ఆపేస్తే వ్యాపారం ఆగుతుంది, ఆపకపోతే ప్రతి మార్పునూ రెండుచోట్ల రాయాలి. పైగా ఎలాగూ కొత్తది వస్తోంది కదా అని ప్రతి విభాగమూ ఏళ్లుగా దాచుకున్న కోరికల జాబితా తెచ్చి బల్ల మీద పెడుతుంది.

ఈ రంగంలో అందరూ ఉదహరించేది నెట్‌స్కేప్ కథ. 1998 మార్చి 31న ఆ సంస్థ తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠాన్ని, బహిరంగం చేసింది. అదే ఏడాది చివర్లో ఆ కోడ్‌ను పక్కనబెట్టి, వెబ్ పేజీలను తెర మీద చూపించే గెకో అనే కొత్త ఇంజిన్ చుట్టూ అంతా తిరిగి రాయాలన్న నిర్ణయం జరిగింది. 5వ వెర్షన్ అసలు విడుదలే కాలేదు. 6వ వెర్షన్ 2000 నవంబరులో వచ్చింది, వచ్చినప్పుడు కూడా నెమ్మదిగా, అసంపూర్ణంగా ఉందనే అనిపించుకుంది. ఈలోగా పోటీదారు మైక్రోసాఫ్ట్ 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5, 2000లో 5.5 విడుదల చేసింది. విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే బ్రౌజర్‌తో పోటీపడటం అప్పటికే కష్టంగా ఉంది కాబట్టి ఓటమినంతా తిరగరాత నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ఆ కొత్త ఇంజిన్ మీదనే 2002లో మొజిల్లా 1.0, 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చాయన్నదీ మరవకూడదు. కోడ్ బతికింది, రాయమని నిర్ణయించిన సంస్థ మాత్రం ఆ ఫలం అనుభవించలేదు. తిరగరాతను సమర్థించేవారు ఈ మాటలోని మొదటి సగాన్ని, వ్యతిరేకించేవారు రెండో సగాన్ని మాత్రమే చెబుతుంటారు.

నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ఆ వంశంలోనే చాలా కాలం తర్వాత జరిగిన సంగతి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు, వెబ్ పేజీలోని రంగులు, అక్షరాల పరిమాణాలు, దూరాలు లెక్కగట్టే స్టైల్ ఇంజిన్‌ను తీసి, ఆ స్థానంలో రస్ట్ భాషలో రాసిన కొత్త ఇంజిన్‌ను అమర్చారు. చుట్టూ ఉన్న గెకో అలాగే పనిచేస్తూ ఉంది. ఆ భాగం ఏం తీసుకుంటుందో, ఏం తిరిగిస్తుందో స్పష్టంగా తెలుసు కాబట్టి పాతదాని పక్కన కొత్తదాన్ని నిలబెట్టి పోల్చి చూడగలిగారు.

మొత్తంగా కొత్తగా రాసి నెగ్గినవారు లేరా అంటే ఉన్నారు. మైక్రోసాఫ్ట్ 1988 చివర్లో విండోస్ ఎన్‌టీ పని మొదలుపెట్టి 1993 జూలైలో మొదటి వెర్షన్ విడుదల చేసింది. అయితే డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నిలబడ్డ పాత విండోస్‌ను వెంటనే ఆపలేదు. 95, 98, ఎంఈ పేర్లతో అది కొనసాగింది, 2001 అక్టోబరులో ఎక్స్‌పీ వచ్చాకే ఇళ్లలోని కంప్యూటర్లకూ కొత్త వంశం చేరింది. మొదటి విడుదల తర్వాత ఎనిమిదేళ్లకు పైగా రెండు కుటుంబాలను పోషించగల ఆదాయం ఉన్న సంస్థ అది. ఈ ఉదాహరణను సమావేశాల్లో ఉత్సాహంగా ఎత్తేవారు తమ దగ్గర ఎనిమిదేళ్ల ఓపిక ఉందో లేదో కూడా అదే సమావేశంలో చెబితే బాగుంటుంది.

ఇంతవరకు చదివి నన్ను పాతకు వకాల్తా పుచ్చుకున్నవాడిగా భావించవద్దని మనవి. చదవకుండా పారేయడం ఎంత తప్పో, చదవకుండా ఉంచుకోవడమూ అంతే తప్పు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలోనే, లేచిన సుమారు 40 సెకన్లకు ముక్కలైంది. దాని దిశానిర్దేశక వ్యవస్థలోని సాఫ్ట్‌వేర్ ఏరియన్ 4 నుంచి తెచ్చింది. అందులో ఒక లెక్క రాకెట్ నేల విడిచాక ఏరియన్ 5కు అవసరమే లేదు, అయినా అలాగే నడుస్తూ ఉంది. కొత్త రాకెట్ అడ్డంగా పాతదానికంటే చాలా వేగంగా కదలడంతో, 64 బిట్ల సంఖ్య ఒకటి 32,767 మించి పెరిగి, 16 బిట్ల గడిలో పట్టక వ్యవస్థ ఆగిపోయింది. అదనపు రక్షణగా పెట్టిన రెండో యూనిట్‌లోనూ అదే కోడ్ ఉంది కాబట్టి అదీ అలాగే ఆగిపోయింది. పాత రాకెట్ మీద ఎన్నోసార్లు నెగ్గిన కోడ్ అది, "పనిచేస్తోంది కదా, కదపకండి" అనేవారికి ఇంతకంటే మంచి కితాబు దొరకదు.

నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల వ్యాపార సంస్థ కథ ఇంకా చేదైనది. 2003 నుంచి వాడకంలో లేని ఒక పాత ఫంక్షన్‌ను ఆ సంస్థ కోడ్‌లో అలాగే వదిలేసింది. 2012లో కొత్త కోడ్ రాసినప్పుడు, ఒకప్పుడు ఆ పాత ఫంక్షన్‌ను నడిపించిన ఫ్లాగునే కొత్త పనికి వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ ఎక్కించి, ఒకదాన్ని మరిచారు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదో సర్వర్‌లో పాత ఫంక్షన్ నిద్ర లేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. సుమారు 45 నిమిషాల్లో నష్టం 44 కోట్ల డాలర్లు దాటింది.

కాబట్టి భాష పాతదా, తెర నల్లగా ఉందా అన్నది అసలు ప్రశ్న కాదు. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్‌లో రాసిన ప్రోగ్రాము ఏం చేస్తోందో తెలిసినవారు ఇద్దరుంటే అది క్షేమంగా ఉన్నట్టే. నిరుడు రాసినదైనా రాసినవారంతా వెళ్లిపోతే అది ఈ క్షణం నుంచే పాతది.

నిజంగా తిరగరాత తప్పని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. సోర్స్ కోడ్ పోయి, నడిచే ఫైలు మాత్రమే మిగిలిన చోట్లు నేనే చూశాను, అక్కడ చదవడానికి ఏమీ ఉండదు. కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా ప్యాచ్‌లు ఆగిపోయి, ఆ కోడ్ మరోచోట నడవనప్పుడూ వేరే దారి లేదు. ఒక కార్యాలయం కోసం రాసినదాన్ని లక్షల మంది ఒకేసారి వాడాల్సి వస్తే మూలంలోని అంచనాలే తప్పుతాయి. ఇక ఇద్దరు మనుషులు రెండు నెలల్లో రాయగల చిన్న ప్రోగ్రాము గురించి ఇంత చర్చ అక్కర్లేదు, రాసేయవచ్చు.

తప్పనిసరి అయినప్పుడు ఎలా చేయాలన్నదానికి నా రెండో అనుభవం కొంత పనికొస్తుంది. అక్కడ పాత ప్రోగ్రాము ముందు ఒక పొరను నిలబెట్టి, ఒక్కొక్క రకం లావాదేవీని మాత్రమే కొత్త మాడ్యూల్ వైపు మళ్లిస్తూ వచ్చాం. మళ్లించే ముందు మూడు నెలల పాటు ప్రతి లావాదేవీని పాతదానికీ కొత్తదానికీ పంపి, రాత్రిపూట రెండు ఫలితాలను పోల్చేవాళ్లం. పొద్దున్నే తేడాల జాబితా మా ముందుండేది. మొదటి వారం అది ఎన్నో పేజీలు వచ్చింది, నిజం చెప్పాలంటే ఆ జాబితా చూసి గుండె జారింది. ఒక్కో తేడానూ చదువుతూ పోతే, మా తప్పులతో పాటు పాతదాని తప్పులూ బయటపడ్డాయి. పాత ప్రోగ్రాము ప్రతి పద్దునూ ముందు దగ్గరి అంకెకు సవరించి తర్వాత కూడేది, మేం కూడాక అలా సవరించాం, అందువల్ల చివరి దశాంశ స్థానంలో తేడా వచ్చేది. గణితం ప్రకారం మాదే ఒప్పు. కానీ లెక్కల విభాగం ఆ తేడాను సర్దడానికి ఏళ్లుగా ఒక ప్రత్యేక పద్దు నిర్వహిస్తోంది. మేం సరిచేస్తే వారి పద్దు తప్పుతుంది. రెండు వారాల వాదన తర్వాత పాత తప్పునే కొత్తదానిలోకి తెలిసి తెలిసి దించాం, తర్వాత ఒక ఏడాది ముగింపున ఆ విభాగంతో కలిసి సరిచేశాం. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు గానీ, ఈ ఒక్క పనిలో రెండో పడవ గట్టిదో కాదో తేలేదాకా అలా నిలబడక తప్పదు.

ఆ పనిలో మాకు తెలియక చేసిన తప్పు తెరల విషయంలో జరిగింది. డేటా ఎంట్రీ చేసేవారు పాత నల్ల తెర మీద కళ్లు కాగితం మీదే ఉంచి, ట్యాబ్ మూడుసార్లు, ఎంటర్ ఒకసారి, ఎఫ్8 అంటూ వేళ్ల లెక్కతో పని ముగించేవారు. మేం మౌస్‌తో నొక్కే అందమైన తెరలిచ్చాం. వారి వేగం పడిపోయింది. నెల తిరక్కుండానే కీబోర్డ్ వరసను పాతదానిలాగే మార్చి ఇచ్చాం.

దీనికి విరుద్ధంగా, ఒకే వారాంతంలో అంతా మార్చేయాలన్న ఆత్రం ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు ఖాతాదారులందరి రికార్డులను కొత్త వ్యవస్థలోకి ఒక్కసారిగా తరలించింది. డేటా సరిగానే చేరింది గానీ, తెరిచిన వెంటనే కొత్త వ్యవస్థ మొరాయించింది. పరిస్థితి పూర్తిగా కుదుటపడేసరికి డిసెంబరు వచ్చింది. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి.

ఈమధ్య మరో ధీమా వినిపిస్తోంది: పాత కోడ్‌ను కృత్రిమ మేధ కొత్త భాషలోకి మార్చేస్తుంది కాబట్టి ఈ బాధలుండవని. ఆ పరికరాలను నేనూ రోజూ వాడుతున్నాను, చదవడంలో అవి చేసే సాయం చిన్నది కాదు. నా 1900 జనవరి 1 పంక్తులను అవి కొత్త భాషలోకి క్షణంలో మార్చగలవు, అలాంటి తేదీ సాధారణంగా తెలియని విలువకు గుర్తు కావచ్చని ఊహించనూగలవు. ఆ ఊహ నిజమో కాదో తేల్చాలంటే మాత్రం రికార్డుల విభాగంలోని ఆవిడ దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లి అడగాల్సిందే.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునే ముందు కనీసం ఎలుకలు ఏ గదిలో ఉన్నాయో చూడమనే నా విన్నపం. మీ విలేకరులకు కూడా ఒక విజ్ఞప్తి. ఏ సంస్థ అయినా పాత వ్యవస్థను తీసేసి కొత్తది తెస్తున్నామని చెప్పినప్పుడు, ఎంత ఖర్చు, ఎప్పటికి పూర్తి అన్న ప్రశ్నలతో పాటు, పాతదాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినవారు ఎవరు, రెండూ పక్కపక్కన ఎన్నాళ్లు నడుస్తాయి, కొత్తది చెడితే పాతదానికి తిరిగి వెళ్లే ఏర్పాటు ఉందా అని కూడా అడగండి. ప్రారంభోత్సవం జరిగిన ఏడాదికి అదే కార్యాలయానికి మరోసారి వెళ్లి, ఏ మూలనో పాత సర్వర్ ఇంకా నడుస్తోందా అని కనుక్కోండి. నడుస్తూ ఉంటే, అది ఏ పని కోసం నడుస్తోందో కూడా దయచేసి రాయండి.

భవదీయుడు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు